డిస్క్ బయటికొచ్చిన రోజు
(శంషాబాద్‌లో ఇచ్చిన 'మాస్టారి స్మారకోపన్యాసం' పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆహ్వానపత్రం చూస్తే తెలియదు. 'మాస్టారి స్మారకోపన్యాసం' అని మాత్రమే వేశారు. అది అచ్చువాళ్ల పొరపాటు కాదు. ఫలకాల మీదా కరపత్రాల మీదా తన పేరు వద్దని ఆయనే ఇంట్లోవాళ్లకు చెప్పి పోయారట. విమాన ఇంజన్ల షాపులో ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నన్నాళ్లూ ఆయనకు పేరుతో పెద్దగా పని పడలేదు. చూసిన ప్రతి భాగం తాలూకు కాగితం మీదా ఒక గుండ్రటి రబ్బరు స్టాంపు, అందులో ఒక నంబరు, అంతే. ఆ స్టాంపును ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవారు కారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు కూడా జేబులో వేసుకునే వెళ్లేవారు. పాత బేగంపేట విమానాశ్రయం రోజుల నుంచి ఆయన్ను ఎరిగినవాళ్లు ముందు వరసల్లో ఉన్నారు. ఈ మధ్యే ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో చేరిన కుర్రవాళ్లు వెనక నిలబడ్డారు. ఇంజినీర్లు కానివాళ్లూ చాలామందే వచ్చారు. నేను వాళ్లకోసమే మాట్లాడతాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

2025 నవంబర్ 26న ఇక్కడి జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో సాఫ్రాన్ సంస్థ విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రధానమంత్రి వీడియో ద్వారా ప్రారంభించారు. సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి, 45 వేల చదరపు మీటర్ల స్థలం. పూర్తి స్థాయికి చేరాక, అంటే 2035 నాటికి, ఏడాదికి 300 లీప్ రకం ఇంజన్లు ఇక్కడ విప్పి, బాగుచేసి, మళ్లీ బిగిస్తారని చెప్పారు. వెయ్యిమందికి పైగా మనవాళ్లకు పని దొరుకుతుందన్నారు. పత్రికలు ఉద్యోగాల గురించి రాశాయి, విదేశీ మారకద్రవ్యం మిగలడం గురించి రాశాయి. రెండూ నిజమే. అయితే ఇంజన్ విప్పిన తర్వాత అసలు ఏం చూస్తారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చూడాలని నిబంధన చెబుతోంది అన్నది ఎక్కడా కనిపించలేదు. మాస్టారి జీవితమంతా ఆ ఖాళీలోనే గడిచింది కాబట్టి ఇవాళ దాని గురించే చెప్పుకుందాం.

విమానం ఎక్కేటప్పుడు ఇంజన్ ముందు వైపు కనిపించే పెద్ద రెక్కల చక్రం ఫ్యాన్. దాని వెనక కంప్రెసర్, ఆ తర్వాత ఇంధనం మండే గది, చివర టర్బైన్. చాలా ఇంజన్లలో బ్లేడ్లు ఒక డిస్క్ అంచున కోసిన గాడుల్లో కూర్చుంటాయి. లీప్ ఇంజన్‌లో ఎక్కువ పీడనం ఉండే మధ్యభాగం నిమిషానికి 16 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఒక్కో బ్లేడు డిస్క్‌ను బయటికి లాగే బలం టన్నుల్లో ఉంటుంది. బ్లేడు విరిగితే ఇంజన్ చుట్టూ ఉన్న తొడుగు దాన్ని ఆపి తీరాలి. కొత్త రకం ఇంజన్‌కు అనుమతి ఇచ్చేముందు పూర్తి వేగంలో ఒక ఫ్యాన్ బ్లేడును కావాలని తెగ్గొట్టి, ముక్క బయట పడలేదని నిరూపించాల్సిందే. డిస్క్‌కు మాత్రం అలాంటి పరీక్ష లేదు. పగిలిన డిస్క్‌ను ఆపగలిగే తొడుగు చేస్తే ఆ బరువుకు విమానం గాల్లోకి లేవదు. అందుకని నిబంధనలు రాసినవాళ్లు మరో దారి పట్టారు. డిస్క్ పగలకూడదు, అంతే.

అమెరికాలో 33.70 అనే నిబంధన, యూరప్‌లో సీఎస్-ఈ 515 అనే నిబంధన ఈ మాటే చట్టం భాషలో చెబుతాయి. ఇలాంటి భాగాన్ని ఎలా రూపొందించాలి, ఎలా తయారుచేయాలి, వాడకంలో ఉన్నన్నాళ్లూ ఎలా కనిపెట్టుకుని ఉండాలి అనే మూడు ప్రణాళికలనూ తయారీదారు ముందే రాసి ఇవ్వాలి. మొదటి రెండింటితో శంషాబాద్ మరమ్మతు షాపులకు పనిలేదు. మూడోది మాత్రం మన నెత్తిన పడుతుంది.

డిస్క్ వయసును గంటల్లో కాకుండా సైకిళ్లలో లెక్కపెడతారు. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపితే ఒక సైకిల్. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లినా ఒకటే, దుబాయ్ వెళ్లినా ఒకటే. ఎక్కువ రోజులు దగ్గర ఊళ్లకు తిరిగే విమానంలో డిస్క్ ఆయుష్షు త్వరగా కరిగిపోతుంది. నిన్నటితరం సీఎఫ్ఎం56 ఇంజన్లలో సాధారణంగా ఫ్యాన్ డిస్క్‌కు 30 వేలు, మధ్యభాగపు డిస్క్‌లకు 20 వేలు, వెనక టర్బైన్‌కు 25 వేలు హద్దు. హద్దు చేరాక అది ఎంత నిగనిగలాడుతున్నా తీసి పారేయాల్సిందే. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎన్నో వంపులో తెగుతుందో ముందుగా చెప్పలేం. అందుకే తెగే వంపుకు చాలా ముందే ఆపేయాలన్నది ఈ లెక్క వెనక ఉన్న ఆలోచన.

మరి లెక్క ఉండగా తనిఖీ ఎందుకు? లెక్క లోపం లేని లోహానికే వర్తిస్తుంది కాబట్టి.

1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 విమానం తోక ఇంజన్‌లో ముందరి ఫ్యాన్ డిస్క్ ఆకాశంలో పగిలింది. ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ కోసేశాయి. పైలట్లు మిగిలిన రెండు ఇంజన్ల బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ అయోవా రాష్ట్రంలోని సూసిటీ దాకా తీసుకొచ్చారు. విమానంలో 296 మంది ఉంటే 112 మంది చనిపోయారు. అలా తీసుకురావడమే ఒక అద్భుతం, దాని గురించి పుస్తకాలు వచ్చాయి. మన పని ఆ డిస్క్‌తో. మూడు నెలల తర్వాత, అక్టోబరులో, అయోవా మొక్కజొన్న చేలల్లో కోతలప్పుడు పెద్ద ముక్కలు రైతులకు దొరికాయి. వాటిని పరీక్షిస్తే అసలు కథ బయటపడింది. 1970ల మొదట్లో ఆ టైటానియం దిమ్మను కరిగించినప్పుడే నత్రజని ఎక్కువగా చేరిన ఒక గట్టి మచ్చ లోపల ఉండిపోయింది. డిస్క్ మధ్య రంధ్రం గోడ మీద ఆ మచ్చ దగ్గర పగులు పుట్టి, 15 వేల పైచిలుకు సైకిళ్లలో నెమ్మదిగా పెరిగింది.

అంతకంటే బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ప్రమాదానికి 760 సైకిళ్ల ముందు, 1988 ఏప్రిల్‌లో, అదే డిస్క్ విమానసంస్థ సొంత షాపులో తనిఖీకి వచ్చింది. అప్పటికి పగులు పొడవు దాదాపు అర అంగుళం. చూశారు, స్టాంపు వేశారు, బిగించి పంపారు. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తన నివేదికలో ఒక మనిషిని వేలెత్తి చూపలేదు. తనిఖీలో మనిషికి ఉండే పరిమితులను షాపు పద్ధతులు తగినంత పట్టించుకోలేదని రాసింది. డిస్క్‌ను మధ్య రంధ్రం గుండా ప్లాస్టిక్ గొట్టం తొడిగిన కేబుల్‌తో వేలాడదీసేవారు. పగులున్నది ఆ రంధ్రం గోడ మీదే. కేబుల్ ఆనిన చోట చూపు పడాలంటే డిస్క్‌ను తిప్పుకోవాలి. పగుళ్లను బయటపెట్టే పౌడర్ అక్కడ సరిగా పట్టకపోయి ఉండొచ్చు. పైగా ఆ చోట పగుళ్లు సాధారణంగా ఉండవు కాబట్టి ఉంటుందని చూసేవాడికి అనిపించదు. ఎన్నేళ్లు చూసినా కనబడనిదాన్ని, ఈసారి కనబడుతుందేమోనన్న పట్టుదలతో చూడటం ఎంత కష్టమో ఇక్కడ ముందు వరసలో కూర్చున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

1996లో అమెరికాలోనే పెన్సకోలాలో డెల్టా విమానం ఫ్యాన్ హబ్ పగిలి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. అక్కడా అదే తంతు. షాపు తనిఖీలో దొరకాల్సిన పగులు దొరకలేదు. ఈ రెండింటి తర్వాత, 1990ల చివర్లో, 2000ల మొదట్లో, అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఒక్కో ఇంజన్ రకానికీ వరసగా ఆదేశాలు ఇచ్చింది. వాటి సారం ఇది: ఎంపిక చేసిన తిరిగే భాగాలు ఏ కారణంగానైనా పూర్తిగా విడిపోయి, ఒంటరిగా బల్ల మీదికి వచ్చాయంటే, వాటి మీద ప్రత్యేక తనిఖీ చేయకుండా మళ్లీ బిగించడానికి వీల్లేదు. ఆ తనిఖీని తయారీదారు మాన్యువల్‌లోని పరిమితుల అధ్యాయంలో చేర్చాలి. షాపు దయ మీదా కస్టమర్ బడ్జెట్ మీదా దాన్ని వదలకూడదు.

ఈ నిబంధనలోని తెలివిని నేను ఎప్పుడూ మెచ్చుకుంటాను. పగులు కోసం ప్రతి రెండు వేల సైకిళ్లకు ఇంజన్ విప్పమంటే విమానయానం ఆగిపోతుంది. పైగా విప్పడం బిగించడంలోనూ కొత్త తప్పులు దొర్లుతాయి. అలాగని వదిలేయలేం. కాబట్టి ఇంజన్ వేరే పనికి షాపుకొచ్చి, డిస్క్ చేతికందిన రోజునే దాన్ని చూడాలి. ఆ అవకాశం మళ్లీ ఎన్నేళ్లకో గాని రాదు. కొన్ని డిస్క్‌లకైతే ఇక రాకపోవచ్చు. మాస్టారు కొత్తవాళ్లకు తొలిరోజు చెప్పే మాట ఇదే: "ఇది నీ ముందుకు మళ్లీ రాదురా. వస్తుందనుకుని చూడకు."

ఇంజినీర్లు కానివాళ్ల కోసం ఆ తనిఖీ ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చెబుతాను. ఫ్లోరోసెంట్ పెనెట్రెంట్ ఇన్‌స్పెక్షన్, పొట్టిగా ఎఫ్‌పీఐ అంటాం. భాగాన్ని ముందు శుభ్రంగా కడగాలి. మసి, నూనె, పాత పూత మిగిలితే పగులు నోరు మూసుకుపోతుంది. అందుకని సగం తనిఖీ కడగడంలోనే ఉంది. అయినా ఆ పని చేసేవాళ్లకు షాపులో అందరికంటే తక్కువ మర్యాద. తర్వాత పచ్చగా మెరిసే పెనెట్రెంట్ ద్రవం పూసి, అది పగుళ్లలోకి ఇంకేదాకా ఆగాలి. పైపైన ఉన్నదాన్ని కడిగి, ఆరబెట్టి, తెల్లటి డెవలపర్ పౌడర్ చల్లాలి. పగుల్లో దాక్కున్న ద్రవాన్ని ఆ పౌడర్ పైకి లాగుతుంది. అప్పుడు చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూస్తే పగులున్న చోట సన్నటి పచ్చగీత మెరుస్తుంది.

శంషాబాద్ మే నెల ఎండలోంచి సరాసరి ఆ బూత్‌లోకి వెళ్తే ఏమీ కనబడదు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కనీసం ఒక నిమిషం కూర్చోవాలని ప్రమాణంలోనే రాసి ఉంది. మాస్టారు ఇంకా ఎక్కువసేపే కూర్చునేవారు. ఎండలో నల్లబడే కళ్లజోళ్లు నిషిద్ధం. తెల్ల చొక్కా వేసుకెళ్తే ఉతుకుపొడిలోని రసాయనం ఆ దీపం కింద నీలంగా వెలిగి చూపు చెదరగొడుతుంది. కాబట్టి ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. దీపం కాంతిని రోజూ మీటరుతో కొలవాలి. తెలిసిన పగుళ్లు వేసి ఉంచిన నమూనా పలక ఒకటి ఉంటుంది, అయిదు నక్షత్రాల ఆకారంలో, పెద్దది మొదలు చిన్నది దాకా. పొద్దున్నే దాన్ని లైన్ మొత్తం తిప్పి, నక్షత్రాలు కనిపించాయని తేల్చుకున్నాకే అసలు పని మొదలు. ఇన్‌స్పెక్టర్‌కు ఏడాదికోసారి కంటి పరీక్ష. ఇదంతా చాదస్తంగా కనిపిస్తే సూసిటీని తలచుకోండి.

పైకి తెరుచుకున్న పగుళ్లకే ఎఫ్‌పీఐ పనికొస్తుంది. రంధ్రాల గోడలకు, బ్లేడు గాడులకు ఎడ్డీ కరెంట్ ప్రోబ్ వాడతారు. లోపల దాగినవాటికి అల్ట్రాసానిక్. 2016 అక్టోబర్ 28న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 767 టేకాఫ్‌కు పరుగెడుతుండగా టర్బైన్ రెండో దశ డిస్క్ పగిలింది. ఒక పెద్ద ముక్క దాదాపు 2,935 అడుగుల దూరంలో ఉన్న గోదాం కప్పు చీల్చుకుని పడింది. విమానం తగలబడినా అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. నికెల్ మిశ్రమం తయారైనప్పుడే లోపల మిగిలిన ఒక మచ్చ దగ్గర పగులు మొదలైంది. ఉపరితలం చూసే తనిఖీలు ఎన్ని చేసినా అది దొరికేది కాదు. డిస్క్‌ల లోపలిని కూడా వాడకంలో ఉండగా పరీక్షించాలని ఎన్‌టీఎస్‌బీ సిఫార్సు చేసింది.

లోహం పుట్టుకలోనే తప్పు దొర్లే సంగతి హైదరాబాద్‌కు పరాయిది కాదు. కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ లోహ సంస్థ మిధానిని 1973లో స్థాపించింది ఇలాంటి టైటానియం, నికెల్ మిశ్రమాలను మనమే కరిగించుకోవడానికే. పక్కనే ఉన్న డీఆర్‌డీవో లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ 2,000 టన్నుల ప్రెస్ మీద, జాగ్వార్, హాక్ విమానాల్లో వాడే అడూర్ ఇంజన్‌కు కంప్రెసర్ డిస్క్‌లను అయిదు దశలకూ టైటానియం మిశ్రమంతో ఫోర్జింగ్ చేసే పద్ధతిని రూపొందించిందని 2021 మేలో డీఆర్‌డీవో ప్రకటించింది. మిధానితో కలిసి చేసిన ఆ ఫోర్జింగులు రెండు వందల దాకా బెంగళూరు హెచ్ఏఎల్‌కు వెళ్లాయి. డిస్క్ చేయడం వచ్చిన ఊరు, డిస్క్ చూడటంలోనూ మేటిగా ఉంటుందని ఆశించడం తప్పు కాదు. కాకపోతే కంచన్‌బాగ్‌లో పనిచేసేవాళ్లు శంషాబాద్ సెజ్ వైపు ఎంత తరచుగా వస్తారంటే, నా అనుభవంలో, పెళ్లిళ్లకు తప్ప రారు.

ఇక మన దేశానికి గట్టిగా తగిలిన దెబ్బ. 2023 జులైలో ప్రాట్ అండ్ విట్నీ మాతృసంస్థ ఆర్‌టీఎక్స్ ఒక ప్రకటన చేసింది. ఏ320 నియోలకు వాడే గేర్డ్ టర్బోఫాన్ ఇంజన్లలో కొన్ని డిస్క్‌లను నికెల్ పొడిని ఒత్తి చేస్తారు. 2015 చివరి నుంచి 2021 దాకా తయారైన పొడిలో మలినం చేరిందని, దానివల్ల పగుళ్లు ముందే రావొచ్చని చెప్పింది. మొదట 1,200 ఇంజన్లు దించి చూడాలన్నారు. సెప్టెంబరులో ఇంకో ఆరేడు వందలు కలిపారు. డిస్క్‌ను ఏటవాలు కోణంలో అల్ట్రాసానిక్‌తో వెతకాలని ఎఫ్ఏఏ ఆదేశించింది. ఒక్కో ఇంజన్ షాపుకెళ్లి తిరిగి రెక్క కిందికి రావడానికి 250 నుంచి 300 రోజులు పడుతుందని కంపెనీయే అంచనా వేసింది. 2024 మొదట్లో ఇండిగో ఒక్కదానికే 70కి పైగా విమానాలు నేల మీద నిలిచిపోయాయి. అదే రకం ఇంజన్ల మీద నడిచిన గో ఫస్ట్, ఈ పొడి సంగతి బయటపడక ముందే, 2023 మేలో దివాలా అర్జీ పెట్టింది. కారణం ఇంజన్లేనని ఆ సంస్థ అంది. ప్రాట్ ఒప్పుకోలేదు. 2025 జనవరిలో ట్రిబ్యునల్ దాన్ని లిక్విడేషన్‌కు పంపింది.

ఈ కథలో అందరూ నిలిచిపోయిన విమానాల్ని లెక్కపెట్టారు. నేను ఇంకో లెక్క చెబుతాను. నేల మీదున్న ప్రతి విమానానికీ అద్దె నడుస్తూనే ఉంటుంది. షాపు మేనేజరుకు రోజూ ఫోన్లు వస్తాయి. ఆ ఒత్తిడి మెట్లు దిగుతూ దిగుతూ చివరికి చీకటి గదిలో దీపం పట్టుకున్న మనిషి భుజం మీద ఆగుతుంది. అతడు మసక గీత ఒకటి చూసి "మళ్లీ కడిగి తెండి" అంటే ఒక షిఫ్టు పోతుంది. అనకపోతే ఎవరికీ తెలియదు. మా రోజుల్లో ఒక షాపులో, పేరు అనవసరం, ఇన్‌స్పెక్షన్‌లో ఎన్ని భాగాలు 'క్లియర్' చేశారో బోర్డు మీద రాసేవారు. వెనక్కి పంపినవాటికి ఆ బోర్డులో గడి లేదు. మాస్టారు దాన్ని తుడిచేసిన రోజు పెద్ద గొడవ అయింది. నా మటుకు నాకు ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి.

కాగితం సంగతి కూడా చెప్పాలి. డిస్క్‌కు పుట్టిన దగ్గర్నుంచి ఏ ఇంజన్‌లో ఎన్ని సైకిళ్లు తిరిగిందో తెగని రికార్డు ఉండాలి. ఒక్క చోట గొలుసు తెగితే, కోట్ల విలువైన డిస్క్ తుక్కు కింద లెక్క. తనిఖీ ఆదేశానికి గడువు ఉంటే ఆ గడువు కూడా రికార్డులోనే బతుకుతుంది. 2025 జులైలో రాయిటర్స్ ఒక వార్త ఇచ్చింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఏ320 ఒకదానిలో లీప్ ఇంజన్ భాగాలు మార్చాలని యూరప్ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. గడువులోగా మార్చలేదు. పైగా గడువులోనే చేసినట్టు కనిపించేలా రికార్డులు మార్చినట్టు ఉందని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025 మార్చిలో ఆ విమానసంస్థను మందలించింది. రికార్డులను ఒక సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు తేదీ జారిపోయిందని, బయటపడగానే సరిచేశామని, బాధ్యులపై చర్య తీసుకున్నామని సంస్థ చెప్పింది. ఇందులో ప్రమాదమేదీ జరగలేదు. కానీ దీపం కింద ఎంత బాగా చూసినా, తెర మీది తేదీ అబద్ధమైతే ఆ చూపు వృథా. సాఫ్ట్‌వేర్ మార్చే వారంలో గడువులన్నిటినీ పాత పుస్తకంతో ఒక మనిషి కూర్చుని పోల్చి చూడాలి. చిన్న పనే. దానికి బడ్జెట్‌లో పద్దు ఉండదు, అదే చిక్కు.

చట్టాల వైపు నుంచి చూస్తే మనకు లోటు లేదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. షాపులకు డీజీసీఏ నిబంధన సీఏఆర్-145 ఉంది. ఇంజన్ పుట్టిన దేశం ఇచ్చే ఆదేశం మనకూ వర్తిస్తుంది. నాణ్యత విభాగం ఉత్పత్తి విభాగానికి లోబడకూడదన్న సూత్రమూ కాగితం మీద ఉంది. కాగితం మీద ఉన్నది గదిలోకి ఎంతవరకు వచ్చిందన్నదే ప్రశ్న. వచ్చే పదేళ్లలో ఇక్కడికి వచ్చే ఇంజన్ల కోసం యంత్రాలు కొనొచ్చు, కొంటారు. దీపం కింద చూసే మనిషిని కొనలేం. పాలిటెక్నిక్ నుంచో విమాన నిర్వహణ నేర్పే ఏఎంఈ కాలేజీ నుంచో వచ్చిన కుర్రాడు లెవెల్ టూ ఇన్‌స్పెక్టర్ కావాలంటే శిక్షణ గంటలు, అనుభవం గంటలు, పరీక్షలు దాటాలి. ఇవన్నీ అయ్యాక కూడా, ఒక సీనియర్ పక్కన నిలబడి వందల డిస్క్‌లు చూస్తే గాని కన్ను కుదరదు. మన కాలేజీల్లో ఎన్‌డీటీ, అంటే భాగాన్ని పాడుచేయకుండా పరీక్షించే విద్య, ఒక ఆప్షనల్ సబ్జెక్టు, మార్కులు బాగా వస్తాయని తీసుకునేది. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

వెనక నిలబడ్డ పిల్లలకు ఒక్క మాట. మీలో కొందరు వచ్చే నెల ఇంటర్వ్యూలకు వెళ్తారని విన్నాను. జీతం అడగండి, బస్సు ఉందా అడగండి, మామిడిపల్లి వైపు నుంచి రాత్రి షిఫ్టుకు రావడం తేలిక కాదు. తర్వాత ఇంకోటి కూడా అడగండి. ఇన్‌స్పెక్టర్ ఒక డిస్క్‌ను ఆపేస్తే, దాన్ని మళ్లీ ముందుకు పంపే అధికారం ఎవరికుంది? ఆ ఇన్‌స్పెక్టర్‌కు ఏడాది చివర మార్కులు వేసేది ఎవరు? రెండింటికీ ఒకే మనిషి పేరు వస్తే ఇంకో కంపెనీలో కూడా అప్లికేషన్ పెట్టి ఉంచుకోండి.